1/72 మెసర్‌ష్మిట్‌పై మచ్చలు వేస్తుంటే రంగు సాలీడు కాళ్లలా పాకుతోంది

ప్రశ్న – సాగరతీరం (విశాఖపట్నం)

నమస్కారం. 1/72 కొలతలో మెసర్‌ష్మిట్ బీఎఫ్ 109 జీ-6 (రెండో ప్రపంచయుద్ధపు జర్మన్ యుద్ధవిమానం) నమూనా చేస్తున్నాను. ఆర్‌ఎల్‌ఎం 76 (నాటి జర్మన్ వైమానిక శాఖ రంగు సంఖ్య) లేత నీలిపూత చక్కగా కుదిరింది కాని, దానిపై ముదురు బూడిదరంగు మచ్చలు చిమ్మబోతే ఒక్కో మచ్చ చుట్టూ రంగు సాలీడు కాళ్లలా పాకుతోంది. అప్పుడప్పుడు నీటిబొట్టు కూడా పడుతోంది. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) డబుల్ యాక్షన్‌ది (ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చేది), నాజిల్ 0.3 మి.మీ., గాలి ఒత్తిడి 20 పీఎస్‌ఐ. టామియా యాక్రిలిక్‌లో అదే కంపెనీ థిన్నర్ సగానికి సగం కలిపాను. నాజిల్ మార్చాలా?

సమాధానం – పాతచేయి

నాజిల్ జోలికి వెళ్లకండి. సెంటీమీటరు దూరం నుంచి 20 పీఎస్‌ఐతో చిమ్మితే, ఇంకా ఆరని రంగును ఆ గాలే పక్కలకు తోసేస్తుంది. ఒత్తిడిని 10–12కు దించండి. అంత తక్కువ గాలికి చిక్కటి రంగు చిమ్మదు కనుక, ఒక పాలు రంగుకు రెండు పాళ్ల థిన్నర్ కలపండి. ముందు ట్రిగ్గర్ నొక్కి గాలి వదిలి, ఆ తర్వాతే వెంట్రుకవాసి వెనక్కి లాగాలి. ఆపేటప్పుడు రంగు మూశాకే గాలి ఆపాలి. మచ్చ ఒక్కసారికే ముదురుగా రావాలన్న తొందర వద్దు, మూడు విడతల్లో రానివ్వండి. వల్లెహో కంపెనీ రంగులు వాడేవారు మాత్రం ఈ టామియా ఆల్కహాల్ థిన్నర్ కలపరాదు, గిన్నెలోనే విరిగిన పాలవుతుంది.

సమాధానం – గాలిగొట్టం

నీటిబొట్టుకు కారణం వేరు. ట్యాంకు లేని చిన్న కంప్రెసర్ కాసేపు ఆడగానే వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోని తేమ గొట్టం పొడవునా చల్లబడుతూ నీరవుతుంది. కంప్రెసర్‌కే బిగించిన ట్రాప్ (గాలిలోని నీటిని పట్టేది) దగ్గర గాలి ఇంకా వేడిగానే ఉంటుంది కాబట్టి అది పట్టేది కొంతే. ఎయిర్‌బ్రష్ పిడి కింద ఇంకో చిన్న ట్రాప్ బిగించండి. మీ సముద్రపుగాలికి అది తప్పదు.

సమాధానం – జానెడురెక్క

మచ్చల కొలత కూడా చూసుకోండి. అసలు విమానంపై జానెడు మచ్చ ఈ కొలతలో మూడు మిల్లీమీటర్లే. దాని చుట్టూ రెండు మిల్లీమీటర్ల తుంపర పరచుకుంటే, అసలు విమానంపై పద్నాలుగు సెంటీమీటర్ల మసక అంచు ఉన్నట్లు లెక్క; అంత మసక కంటికి నప్పదు.

సాగరతీరం

పాడైపోయిన ఒక రెక్కపై 12 పీఎస్‌ఐతో ప్రయత్నించాను, సాలీళ్లు పోయాయి. అయితే పావుగంట గడిచేసరికి సూది మొనపై రంగు ఎండి చిమ్మడం ఆగిపోతోంది.

పాతచేయి

అది మామూలే. థిన్నర్‌లో తడిపిన దూదిపుల్లతో మొనను మధ్యమధ్యలో తుడవండి. రంగులో రెండు చుక్కల రిటార్డర్ (రంగు ఆరడాన్ని ఆలస్యం చేసే ద్రవం) వేసినా సరే, అంతకు మించితే ఆరదు.