ఏటవాలు సొరంగమా, దిగుడు సొరంగమా?

అరకుబండి:
ట్రెయిన్జ్ అనే రైలు ఆటలో సొంతంగా రూట్లు కట్టుకునే మన పిల్లల కోసం చిన్న పాఠం రాస్తున్నాను. పట్టా వాలుగా సాగే సొరంగం చుట్టూ నేలను ఎలా దిద్దుకోవాలన్నది విషయం. మొదటి వాక్యం దగ్గరే బండి ఆగింది. "ఏటవాలు సొరంగం" అని రాస్తే, చదివినాయన "బావిలోకి దిగుతున్నామా?" అన్నాడు. నేను కడుతున్నది కేకే (కొత్తవలస-కిరండూల్) లైనులో, బొర్రా గుహల దగ్గరి ముక్క. అక్కడి వాలు 60కి 1. అరవై మీటర్లు పోతే ఒక్క మీటరు ఎత్తు మారుతుంది. దీన్ని ఏమనాలి? కటింగుకి, అంటే పట్టా కోసం కొండను పైనుంచి తెగ్గొట్టిన దారికి, కూడా మంచి మాట ఉంటే చెప్పండి.

అచ్చుతప్పు:
మిమ్మల్ని ఆపినాయన చెవి మంచిదండీ. ఏటవాలు అనగానే తెలుగువాడికి పెంకుటింటి కప్పే కళ్ల ముందు నిలుస్తుంది. పెట్టిన వస్తువు జారిపోవాలి. 60కి 1 అంటే ఒక డిగ్రీ కూడా లేదు, అది ఏటవాలు ఎలా అవుతుంది?

ఉత్తి "వాలు" కొంత నయం. కానీ దానికీ ఒక బుద్ధి ఉంది. పొద్దు వాలుతుంది, పిట్ట కొమ్మ మీద వాలుతుంది, అలసిన మనిషి మంచం మీద వాలతాడు. అన్నీ కిందికే. పైకి వాలినదంటూ మన భాషలో ఏదీ లేదు. వాలుజడ, వాలుకన్నుల లెక్క వేరు, అక్కడ వాలంటే పొడుగు. కాబట్టి ఎక్కే బండికి "వాలు సొరంగం" అంటే సగం చెప్పినట్టే. ఎక్కుడు, దిగుడు అనండి. దిగుడుబావి తెలియనివాళ్లెవరు? "ఎక్కుడు" కాస్త పాతవాసన కొడుతుందంటారేమో, కొట్టనివ్వండి.

బొగ్గుబాయి:
అన్నా, మా గోదావరిఖనిల ఏటవాలు సొరంగం అంటే ఇంక్లైనే. బొగ్గుబాయిలకు దిగే తొవ్వ అది. 8 ఇంక్లైన్ కాలనీ అని కాలనీకే పేరు పడ్డది. గా మాట మాకు ఇడిసిపెట్టుండ్రి, రైలుకు వద్దు.

పాతపట్టా:
ముప్పై ఏళ్లకు పైగా లైను మీద తిరిగినవాణ్ణి. మేం వాలూ అనలేదు, ఎక్కుడూ అనలేదు. గ్రేడియంటే. "బండి అప్ గ్రేడియంట్‌లో ఉంది" అనేవాళ్లం, అందరికీ తెలిసేది. పట్టా పక్కన గ్రేడియంట్ పోస్టు ఉంటుంది. దాని చేతులు ఎటు లేస్తే అటు ఎక్కుడు, ఎటు వంగితే అటు దిగుడు, చేతి మీద అంకె. చదునైతే ఎల్. మాట కన్నా ఆ చెయ్యే ముఖ్యం మాకు.

అచ్చుతప్పు మాస్టారన్న దిశ సంగతి మాత్రం నిజం. బైలాడిలా ఇనుపరాయి బండ్లు విశాఖ రేవుకు నిండుగా దిగుతాయి, ఖాళీగా ఎక్కుతాయి. దారిలో శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కణ్ణుంచి నిండు రేకు (బండి మొత్తం) దించేవాడికి బ్రేకే దేవుడు. ఇంకో మాట. ఆటల్లో కొందరు సొరంగాన్ని బల్లపరుపుగా పెట్టేస్తారు. నీరు పల్లమెరుగు అన్నారు కదా, సొరంగంలో ఊరే నీళ్లు బయటికి పోవాలంటే ఎంతో కొంత వాలు ఉండాల్సిందే.

అరకుబండి:
ధన్యవాదాలు మాస్టారూ. దిశ చెప్పే మాట నాకు ఎందుకు కావాలో చూడండి. 600 మీటర్ల సొరంగం 60కి 1న సాగితే రెండు నోళ్లకీ 10 మీటర్ల తేడా. కొత్తవాళ్లు ముందు గుట్ట కట్టి, రెండు వైపులా ఒకే ఎత్తున నోళ్లు పెట్టి, తర్వాత పట్టాను వంచబోతారు. పైనోరు గాల్లో తేలుతుంది, లేదా కిందినోరు మట్టిలో కూరుకుపోతుంది. ముందు పట్టా ఎత్తులు తేల్చి, నోటి దగ్గర రెండు చోట్లా ఒక్కో బిందువు పాతుకుని, ఆ తర్వాతే నేల ముట్టుకోవాలి.

రెండో గొడవ ఆటలోని నేలది. అది మామూలుగా 10 మీటర్ల గళ్ల వల, కావాలంటే 5 మీటర్లు. ఒక్కో ముడికి ఒక్కటే ఎత్తు. పైన గుట్ట, కింద దారి అని రెండు ఎత్తులు ఒకే ముడి మోయలేదు. నేలను పట్టాకు అతికించే పనిముట్టును సొరంగంలోని పట్టా మీద నొక్కారా, గుట్ట మొత్తం పట్టా ఎత్తుకు దిగిపోయి కటింగైపోతుంది. ఆ పనిముట్టు నోటి బయటి పట్టాకే. నోటి దగ్గర నేలకు బెజ్జం వేసే ముక్క పెట్టాలి. అది చదరం, గళ్లతోనే కూర్చుంటుంది. పట్టా ఓరగా వస్తే మూలల్లో సందులు మిగులుతాయి, వాటికి రాతిగోడో పొదలో అడ్డం.

పెన్నగట్టు:
కటింగుకు గండి అనండి. మా గండికోట పేరే పెన్న కొండను చీల్చిన గండి నుంచి వచ్చింది.

లంకవాసి:
అమ్మో, వద్దు బాబూ! మా వైపు గండి పడిందంటే కాలవగట్టు తెగిందని అర్థం, ఊరంతా పరుగెడుతుంది. "రైలుకట్ట" అంటే ఎత్తు చేసిన దారని పసిపిల్లలకీ తెలుసు, అది ఉంచండి. కటింగును కటింగుగానే వదిలేయండి.

పెన్నగట్టు:
కాలవ తెగితే గండి, కొండ తెగితే గండి కాదా? తెగడం తెగడమే కదన్నా.

అచ్చుతప్పు:
మధ్యలో ఒక ముచ్చట. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో సొరంగం ఉన్నచోటి పేరు బోగద. మరాఠీలో సొరంగాన్ని బోగదా అంటారు. మీటరు గేజి తొలి రోజుల్లో ఆ లైను నడిపింది సదరన్ మరాఠా రైల్వే. సొరంగం ముందొచ్చిందో మాట ముందొచ్చిందో గాని, అచ్చతెలుగు కోసం వెతికేవాళ్లు ఆ చోటు ఒకసారి చూసి రావాలి.

అరకుబండి:
అయితే పాఠం పేరు "ఎక్కుడు సొరంగం చుట్టూ నేల దిద్దడం". విశాఖ వైపు నుంచి వెళ్లే బండి కోసం రాస్తున్నాను గనక ఎక్కుడే. ఏటవాలు మాట గోదావరిఖనికే వదిలేశాను. కటింగు కటింగే. పెన్నగట్టు గారూ, కోపం వద్దు, కడప రూటు కట్టిన రోజున గండి మీదే.

పెన్నగట్టు:
ఆ రూటు నేనే కడతాలే.