మండువా ఇంట్లో గోడలు పెచ్చులూడుతున్నాయి, సిమెంటు పూత వేయించాలా?

లంక పెంకుటిల్లు:
అందరికీ నమస్కారమండి. అమలాపురం దగ్గర మా తాతగారు కట్టించిన మండువా లోగిలి ఉంది, అంటే మధ్యలో పైకప్పు లేని ఖాళీ జాగా (మండువా) ఉన్న ఇల్లు. మందపాటి ఇటుక గోడలు, గానుగ సున్నం, బర్మా టేకు స్తంభాలు, పైన బెంగుళూరు పెంకు. నాన్నగారు రిటైరై ఇక అక్కడే ఉంటానంటున్నారు, మేమూ పిల్లలతో సెలవులకి వెళ్తుంటాం కాబట్టి ముందు హాలు, దాని పక్క పడగ్గది బాగుచేయిద్దామనుకుంటున్నాం. గోడలకి నడుం ఎత్తు దాకా చెమ్మ, రంగు పొరలు పొరలుగా లేచిపోతోంది, తడిమితే తెల్లటి ఉప్పులాంటి పొడి చేతికంటుతోంది. కొన్నేళ్ల కిందట ఒక గోడకి సిమెంటు పూసి, లప్పం పెట్టి, ఎమల్షన్ వేశారు. ఇప్పుడు అన్నిటికంటే ఆ గోడే ఘోరంగా ఉంది, చెమ్మ ఇంకా పైకెక్కింది. కొత్తగా చూసిన కాంట్రాక్టరు ఉన్న సున్నమంతా చెక్కేసి సిమెంటు, ఎర్ర గచ్చు మీద విట్రిఫైడ్ టైల్స్, వాసాలు కనపడకుండా ఫాల్స్ సీలింగ్, మండువాకి షీటు మూత అంటున్నారు. అన్నీ చేయిస్తే ఇక అది మా ఇల్లులా ఉంటుందా అని నా బాధ. అలాగని చీకట్లో, చెమ్మ వాసనలో నాన్నగారిని ఉంచలేం కదండీ. చేయించిన వాళ్లు చెప్పండి.

సున్నం బట్టీ:
దయచేసి ఆ గోడలకి సిమెంటు తగలనివ్వకండి. పాత ఇళ్ల మరమ్మతులే నా పని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆ రోజుల్లో పునాది మీద చెమ్మ ఆపే పొర వేసేవాళ్లు కాదు, కోనసీమలో నేల కింద నీళ్లు పైపైనే ఉంటాయి, ఇటుక ఆ తడిని పీలుస్తుంది. సున్నం పూత అయితే ఆ తడి గోడ లోంచి బయటికొచ్చి గాలికి ఆరిపోతుంది. సిమెంటు, లప్పం, ప్లాస్టిక్ పెయింటు వేస్తే దానికి దారి మూసుకుపోయి ఇంకా పైకి పాకుతుంది, నీటిలోని లవణాలు పూత వెనక గట్టిపడి పెచ్చులు లేపేస్తాయి. మీ సిమెంటు పూసిన గోడలో జరిగింది అదే.

ముందు నీళ్ల సంగతి చూడండి. చూరు నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయా, మండువా తూము పూడిపోయిందా, బయట పెరడు ఎత్తు పెరిగి గోడని కప్పేసిందా చూసుకోండి. మట్టి తీయించి, నీళ్లు బయటికి వాలేలా చేయించండి. పైన మూలల్లో నీళ్లు దిగే రేకులు తుప్పుపట్టి ఉంటే మార్పించి, పగిలిన పెంకులు దింపించి మళ్లీ నేయించండి. ఇది కానిదే గోడ జోలికి వెళ్లొద్దు.

తర్వాత సిమెంటు, పొడిబారిన సున్నం మాత్రం జాగ్రత్తగా చెక్కించి, ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపించి (నీళ్లు కొడితే మళ్లీ లోపలికే పోతుంది), గోడని ఒక ఎండాకాలం ఆరనివ్వండి. గట్టిగా ఉన్న పాత పూత కదపొద్దు. ఒక పాలు బాగా నానిన సున్నానికి మూడు పాళ్ల ఇసుక, పలచగా రెండు మూడు పూతలు, ఒకటి బిగిశాకే ఇంకొకటి, మధ్యమధ్యలో తడపాలి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది, మేస్త్రి తొందరపడితే పగుళ్లొస్తాయి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపేది ఇందుకే, పట్టు బాగుంటుంది. పైన సున్నమే కొట్టించండి, బట్టలకి అంటకుండా తుమ్మ జిగురు కలిపితే సరి. రంగు కావాలంటే ఎర్రమన్ను, పచ్చమన్ను కలపొచ్చు.

కాలవ గట్టు:
అన్నయ్య చెప్పింది సరే గానీ మా వైపు సున్నం పని తెలిసిన తాపీ మేస్త్రి దొరకడమే గగనం. దొరికినవాళ్లలో చాలామంది సున్నంలో సిమెంటు కలిపేస్తారు. అందుకని ముందు ఒక మూల రెండు గజాలు పూయించి, నెల తర్వాత గోరుతో గీరి చూడండి. బాత్రూము, వంటగది సింకు దగ్గర మాత్రం టైల్స్ వేయించేయండి, అక్కడ పాత పద్ధతే అని పట్టుబడితే పెద్దాయనకే ఇబ్బంది.

అరుగు మీద అక్క:
చీకటి సంగతి నేను చెబుతాను. ఫాల్స్ సీలింగ్ వద్దు. పైన ఎలుకలు, చెదలు, కారుతున్న నీళ్లు ఏవీ కనపడవు, తెలిసేసరికి వాసం పొడై ఉంటుంది. పెంకు నేయించేటప్పుడే హాలు మధ్యలో నాలుగైదు గాజు పెంకులు పెట్టించండి, అదే కొలతలో దొరుకుతాయి. మా హాలులో ఆ వెలుగు మధ్యాహ్నం గచ్చు మీద చతురస్రాలుగా పడి నెమ్మదిగా జరుగుతుంటే పిల్లలు దాని మీదే ఆడుకుంటారు. గోడ గూళ్లు పూడ్చొద్దు, లోపల పసుపు రంగు బల్బు పెడితే చాలు, విడిగా దీపాల సామాను అక్కర్లేదు. ఎర్ర గచ్చు టైల్స్ కంటే చల్లన, కొబ్బరినూనె రాసి పాత గుడ్డతో రుద్దండి, వారానికి తేరుకుంటుంది. కాకపోతే పగిలిన చోట కొత్త రంగు పాతదానిలో కలవదు, పెద్ద బీట అయితే అక్కడ పట్టెమంచమో భోషాణమో వేసేయండి, గోడకి మాత్రం జానెడు దూరం ఉంచి. మండువా మూయకండి, వేడి పైకిపోయే దారి అదే. వాన జల్లు భయమైతే చుట్టూ మూరెడు ఎత్తు ఖాళీ వదిలి, పైన షీటు వేయించండి.

లంక పెంకుటిల్లు:
చాలా థాంక్స్ అండి అందరికీ. ఈ ఎండాకాలానికి తూము, పెంకులు, పెరటి మట్టి పని పెట్టుకుంటాం. తలుపులు, ద్వారబంధాలకి నాలుగైదు పొరల పచ్చ పెయింటు ఉంది, గీయించి టేకు కనపడేలా చేయాలని ఉంది. ఎమరీ పేపరు పట్టించొచ్చా?

సున్నం బట్టీ:
పొడిగా రుద్దించొద్దు. మన దగ్గర ఇళ్ల పెయింటులో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు ఎనామెల్ పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఆ ధూళి పిల్లల లోపలికి పోతే మెదడుకి చేటు. మంట పెట్టి కాల్చడం ఇంకా ప్రమాదం. రంగు తీసే కెమికల్ పూసి, తడిగానే గీయించి, రాలింది మూట కట్టించి పారేయించండి, ఆ పని జరిగినన్ని రోజులు పిల్లల్ని తీసుకెళ్లకండి. కింద టేకు తేలాక లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) రెండు కోట్లు చాలు.

ఇంకొకటి, వైరింగ్ చెక్క పట్టీల్లోంచి వెళ్తోందేమో చూడండి. పాత ఇళ్లలో చాలావాటికి ఎర్త్ ఉండదు. చెమ్మ గోడలతో అది ప్రమాదం. సున్నం పూసే ముందే కొత్త వైర్లు లాగించి, 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించండి. పూత అయ్యాక గోడ చెక్కనివ్వకండి.