ఆరు వారాలే ఉన్నాయి, 120 కిలోమీటర్ల మట్టి-తారు రైడ్‌కు దిగొచ్చా?

సి_షిఫ్టు (ఎర్రగుంట్ల)
అందరికీ నమస్తే. జనవరి ఆఖరి ఆదివారం జమ్మలమడుగు దగ్గర మొదలై గండికోట, కొలిమిగుండ్ల వైపు చుట్టి వచ్చే రైడ్‌కు పేరు ఇచ్చేశా. మొత్తం 120 కిలోమీటర్లు. అందులో 70 తారు, 50 మట్టిబాట, క్వారీ దారి, చేల గట్లు. పొద్దున ఆరుకు మొదలు, కటాఫ్ పది గంటలు, అంటే సాయంత్రం నాలుగుకల్లా చేరాలి. నాది హైబ్రిడ్ సైకిల్, 700x35 టైర్లు (35 మిల్లీమీటర్ల వెడల్పు), ముందర మూడు, వెనక ఎనిమిది గేర్లు. బరువు 72 కిలోలు. ఒక్కసారిగా ముప్పై కిలోమీటర్లకు మించి తొక్కింది లేదు. షిఫ్టు డ్యూటీ కాబట్టి వారానికి మూడు రోజులే వీలవుతుంది. దిగొచ్చా, మానుకోవాలా? దిగితే ముందు ఏది సరిచేసుకోవాలి?

తాడిపత్రి_టైరు
ముందు టైర్లు చూడన్నా, మిగతావి తర్వాత. ఆ దారిలో చేల గట్ల మీద పల్లేరు కాయలుంటాయి, వాగుల పక్కన కంప ముళ్ళుంటాయి, క్వారీల దగ్గర నాపరాయి పెంకులుంటాయి. మొదటి రెండూ ట్యూబును పొడుస్తాయి. పెంకు మాత్రం టైరు పక్కగోడనే కోస్తుంది. అన్నిటికీ ఒకే మందు పనిచేయదు.

ముళ్ళకు ట్యూబులోనే సీలెంట్ (బొక్క పడితే లోపలి నుంచి మూసే ద్రవం) పోసుకో, ఒక్కోదానికి 60 మిల్లీలీటర్లు. మోటారు సైకిల్ లాంటి వాల్వ్ అయితే లోపలి పిన్ను విప్పి పోయొచ్చు. మన ఎండలకు అది రెండు మూడు నెలల్లో గట్టిపడి ముద్దవుతుంది. ఇప్పుడే పోయకుండా రైడ్‌కు పది రోజుల ముందు పొయ్యి. ట్యూబ్‌లెస్ చేయిస్తామని షాపులో ఎవరైనా అంటే రిమ్ము మీద ఆ మాట ఉందో లేదో చూసుకో. లేని రిమ్ముకు టేపు చుట్టి ఎక్కిస్తే గతుకులో టైరు అంచు జారి గాలంతా ఒక్క క్షణంలో పోతుంది.

కోతకు పాత టైరు ముక్క ఒకటి, అంగుళం వెడల్పు, రెండంగుళాల పొడవు, బ్యాగులో పెట్టుకో. తెగిన చోట లోపలి వైపు ఆనించి ట్యూబు పెడితే అది బయటకు ఉబకదు. గాలి ముందర 45, వెనక 50 పీఎస్ఐ.

గుత్తి_రోడ్డు
45 ఏందన్నా! ట్యూబు టైరుకు 45 పెడితే మొదటి రాయికే పాముకాటు పంక్చర్, పక్కపక్కన రెండు బొక్కలు. 65 పెట్టు, ముళ్ళు కూడా దిగవు.

పెన్నా_గట్టు (జమ్మలమడుగు)
టైర్ల సంగతి కాదు, ఆయన అడిగింది దిగొచ్చా అని. వద్దు. లెక్క చూడండి. తారు మీద గంటకు 20 చొప్పున 70 కిలోమీటర్లకు మూడున్నర గంటలు. మట్టి మీద 12 చొప్పున 50 కిలోమీటర్లకు 4 గంటల 10 నిమిషాలు. ఆగేది, తినేది, నీళ్ళు నింపేది గంటన్నర. మొత్తం 9 గంటల 10 నిమిషాలు. మిగిలేది 50 నిమిషాలు. రెండు పంక్చర్లు, ఒకసారి దారి తప్పడం, అంతే. మట్టి వేగం 12 నుంచి 10కి పడితే ఆ 50 నిమిషాలూ పోతాయి, మిగులు సున్నా. ముప్పై దాటి తొక్కని మనిషికి ఎనభై దాటాక మట్టి మీద 12 నిలబడదు.

పైగా ఆ నేల నల్లరేగడి. ఎండితే నెర్రెలు, ట్రాక్టరు చాళ్ళు గట్టిపడి పట్టాల్లాగా ఉంటాయి. 35 టైరు అందులో దిగితే బయటకు రాదు, హ్యాండిల్ తిప్పితే పడతారు. తడిస్తే ఇంకా కష్టం. ఆ బంక చక్రానికీ బ్రేకుకీ మధ్య నిండి చక్రం తిరగదు. అప్పుడు బలంగా తొక్కితే వెనక గేరు తగిలించే హ్యాంగర్ విరుగుతుంది. ఒక్కో సైకిల్‌కు ఒక్కో రకం హ్యాంగర్, దారిలో దొరకదు.

ఎర్రనేల (అనంతపురం)
పెన్నా అన్నా, మీ కూడికలో తప్పు లేదు, కానీ గంటన్నర ఆగాలని ఎవరు చెప్పారు? కొత్తవాళ్ళకు టైము పోయేది ఆగిన చోటే. మూడు చోట్ల పదేసి నిమిషాలు, నీళ్ళకు ఇంకో పది, మొత్తం నలభై. యాభై నిమిషాలు అక్కడే మిగిలినాయి.

సి_షిఫ్టు గారూ, దిగండి. ఆరు వారాలు చాలవు అనేది గెలవాలనుకునేవాళ్ళ లెక్క, చేరాలనుకునేవాళ్ళ లెక్క వేరే. ఆరు ఆదివారాలు ఇట్లా పెట్టుకోండి: 40 (పది మట్టి), 50, 65 (పాతిక మట్టి), 45, 80 (35 మట్టి), చివరి ఆదివారం 30 తేలిగ్గా, ఆ తర్వాతి ఆదివారం రైడ్. నాలుగో వారం తగ్గించింది మోకాళ్ళు కోలుకోవడానికి, దాన్ని దాటేయొద్దు. మిగతా రెండు రోజులు గంటలోపే. ఒకరోజు ఐదు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు నిదానంగా, నాలుగుసార్లు. ఇంకోరోజు మాటలాడుతూ తొక్కగలిగే వేగం. ఆదివారం ఐదారు గంటలు దొరక్కపోతే శనివారం 45, ఆదివారం 45 తొక్కండి. అలసిన కాళ్ళతో మళ్ళీ ఎక్కడం కూడా సాధనే.

80 తొక్కితే 120కి మూడింట రెండొంతులు. అది చాలు. చివరిలో దెబ్బతీసేవి పిరుదులు, అరచేతులు, మెడ. ఊపిరితిత్తులు అప్పటికీ బాగానే ఉంటాయి. ఆ మూడూ సీటు మీద గడిపిన గంటలతోనే గట్టిపడతాయి.

కదిరి_గాలి
సీటు ఎత్తు చూసుకోండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే మోకాలు నిటారుగా ఉండాలి. సీటు తక్కువైతే మోకాలి ముందు భాగం, ఎక్కువైతే వెనక భాగం నొస్తుంది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ కింద లోదుస్తులు వేయొద్దు, కుట్టు ఒరిసి పుండు పడుతుంది.

తాడిపత్రి_టైరు
@గుత్తి_రోడ్డు 65 తారు మీద బాగుంటుంది. రాళ్ళ మీద 65 పెడితే టైరు ఎగురుతుంది, పట్టు ఉండదు, ఆ అదురంతా చేతుల్లోకి వస్తుంది. ముల్లుకు గాలితో పనేముంది, 40లో దిగేది 65లోనూ దిగుతుంది. పాముకాటు తక్కువ గాలికి వస్తుంది, నిజమే, అందుకే 35 చెప్పకుండా 45 చెప్పా. టైరు పక్కన కనిష్ఠం ఎంతో అచ్చేసి ఉంటుంది, దానికి కిందికి పోకూడదు.

గుత్తి_రోడ్డు
క్వారీ దారిలో 45తో రిమ్ము వంగిన సైకిళ్ళు చానా చూసినా. చేయించుకోవడానికి కర్నూలు దాకా పోవాల.

తాడిపత్రి_టైరు
ఆ రిమ్ములు వంగింది కూర్చునే గుంతలో దిగినందుకు. సీటు మీద నుంచి లేచి, మోచేతులు, మోకాళ్ళు వంచి వదిలేస్తే 45 నిలబడుతుంది. పంక్చర్ షాపు కంప్రెసరు మీటరు నమ్మి నింపితే 45 అనుకునేది 30 ఉండొచ్చు, 80 ఉండొచ్చు. ఆ మీటరు లారీల కోసం పెట్టింది. మీటరున్న ఫుట్ పంపు ఒకటి కొనుక్కోవాలి.

గుత్తి_రోడ్డు
సరే 55.

తాడిపత్రి_టైరు
వెనక 50. అంతకు మించి వద్దు.

బొరుగులు (కర్నూలు)
గాలి ఎంత పెట్టినా కడుపులో ఏమీ లేకపోతే నాలుగో గంటకు కాళ్ళు ఆగిపోతాయి. కొత్తవాళ్ళకు గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. మన వాళ్ళు ఓఆర్ఎస్ తాగితే సరిపోతుందనుకుంటారు. లీటరు ప్యాకెట్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే. అది ఉప్పు కోసం, తిండి వేరే ఉండాలి. మాదిరి అరటిపండు ఒకటికి పాతిక గ్రాములు. బెల్లం, శనగపప్పు ఉన్న ఓళిగ మడిచి కవరులో పెట్టుకుంటే జేబులో నలిగినా తినొచ్చు. పల్లీ చిక్కీలో కొవ్వు ఎక్కువ, రైడ్ మొదట్లో పర్వాలేదు, ఎండలో గొంతు దిగదు. ఆకలి వేసేదాకా ఆగకుండా మొదటి ముప్పావుగంటలోనే మొదలుపెట్టాలి.

పొద్దున ఉగ్గాని తినండి, బజ్జి వదిలేయండి. నూనె అరగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. నీళ్ళు గంటకు అర నుంచి ముప్పావు లీటరు. ఒట్టి నీళ్ళే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు వస్తాయి. చాలామంది దాన్ని వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు తాగిస్తారు.

పెన్నా_గట్టు
అందరూ సామాను, తిండి చెప్పారు. ఎర్రనేల గారి ప్రణాళికలో ఒక ముఖ్యమైన మాట లేదు. ఈ మనిషి తొంభైయో కిలోమీటరు దగ్గర, తారు రోడ్డుకు ఐదారు కిలోమీటర్ల లోపల కూలబడితే ఎవరు వస్తారు? వెనకబడినవాళ్ళను ఎక్కించుకొచ్చే స్వీప్ జీపు చేల గట్ల మీదికి రాలేదు. నడిచి వెళ్ళాలి. నడిచేది జీతం తీసుకునేవాళ్ళు కాదు, ఊరి పిల్లలు, సాటి సైకిల్ వాళ్ళు. పోయినేడు ఒక రైడ్‌లో ఇద్దరి కోసం చీకట్లో టార్చీలతో వెతికాం. వాళ్ళు ఫోన్ ఆపేసి ఆటోలో ఇంటికి పోయారు. ఒక్క మెసేజ్ లేదు. అందుకే నాకు ఈ 'చూద్దాం, దిగండి' అనే మాట వినపడితే కోపం వస్తుంది.

ఎర్రనేల
ఇదన్నమాట అసలు సంగతి. ఆ ఇద్దరు చేసింది తప్పే. చెప్పకుండా పోయేవాడికీ, సాధన తక్కువగా ఉన్నా నిజాయితీగా ఉండేవాడికీ తేడా లేదా? వారానికి ఐదు రోజులు తొక్కగలిగేవాళ్ళు ఎవరు? మధ్యాహ్నం ఖాళీ ఉన్నవాళ్ళు, ఇంటి పని ఇంకొకరు చేసిపెట్టేవాళ్ళు. సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసేవాళ్ళను, ఇద్దరు పిల్లల తల్లిని 'ఇంకో ఏడాది ఆగండి' అంటే మన జిల్లాల్లో ఈ రైడ్లు పాతికమంది స్నేహితుల ఆట అయిపోతాయి. కటాఫ్ పెట్టింది ఎందుకు? ఎవరు దిగొచ్చో ముందే తేల్చడానికి కాదు, దిగినవాళ్ళు ఎక్కడ ఆపాలో చెప్పడానికి.

పెన్నా_గట్టు
పేదరికం, డ్యూటీ నా మాటకు అడ్డం పెట్టొద్దు. నేను డ్యూటీ ఉన్నవాణ్ణి రావద్దనలేదు. ఆగాల్సిన చోట ఆగడు అన్నాను. అలసిన మనిషికి విచక్షణ పోతుంది. 'ఇంకో పది కిలోమీటర్లే కదా' అని తారు వదిలి మట్టిలోకి దిగుతాడు. అక్కడి నుంచి తిరిగి రావడానికీ, ముందుకు పోవడానికీ సమానమైన దూరం. ఆ నిర్ణయం రోడ్డు మీద తీసుకునేది కాదు, ఇంట్లో కూర్చుని కాగితం మీద రాసుకునేది.

ఎర్రనేల
ఆ మాట మొదటే చెప్పుంటే నేను ఒప్పుకునేవాణ్ణి. మీరు మొదట చెప్పింది 'వద్దు' అని.

కొండారెడ్డి_బురుజు
ఇద్దరూ ఒకటే చెబుతున్నారు కదా, గంటసేపటి నుంచి.

పెన్నా_గట్టు
ఒకటే కాదు. ఆయన కటాఫ్ దాకా పొమ్మంటున్నారు. నేను అంతకు ముందే ఆపమంటున్నాను. 65వ కిలోమీటరు దగ్గర తారు రోడ్డు తగులుతుంది, అక్కడ చెక్‌పాయింట్ పెడతారు. పదకొండుకల్లా చేరకపోతే అక్కడే ఆపేయాలి. పెట్రోలు బంకు ఉంటుంది, బస్సు దొరుకుతుంది, సైకిల్ ఎక్కించుకునే ఆటో దొరుకుతుంది.

ఎర్రనేల
పదకొండున్నర. మొదటి సగంలో మట్టి 30, రెండో సగంలో 20. మిగిలిన 55లో 20 మట్టికి గంటకు పది చొప్పున రెండు గంటలు, 35 తారుకు 18 చొప్పున రెండు గంటలు, ఆగేది అరగంట. నాలుగున్నర గంటలు. పదకొండున్నరకు కదిలితే నాలుగుకు సరిగ్గా చేరతాడు.

పెన్నా_గట్టు
సరిగ్గా చేరతాడు అన్నారు చూడండి, అందులో పంక్చర్ లేదు. జనవరిలో గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. కొలిమిగుండ్ల నుంచి వెనక్కి వచ్చేది ఎదురుగాలిలో. తారు మీద 18 అనుకున్నది 15 అయితే ఇంకో ఇరవై నిమిషాలు పోతాయి. పదకొండు.

ఎర్రనేల
ఎదురుగాలి సంగతి ఒప్పుకుంటా. కానీ పదకొండూ అయిదుకు, కాళ్ళు బాగున్న మనిషిని ఆపమనడం నాకు న్యాయంగా లేదు.

సి_షిఫ్టు
అందరికీ కృతజ్ఞతలు. దిగుతున్నాను. పదకొండు అని కాగితం మీద రాసి హ్యాండిల్‌కు అంటిస్తా. ఆపితే నిర్వాహకుల నంబరుకు ముందు మెసేజ్, తర్వాతే ఆటో. ఈ ఆదివారం మైలవరం డ్యాం వైపు 40 మొదలుపెడతాను. రెండు అడగాలి. ఇసుకలో ముందు చక్రం పక్కకు జారుతోంది, ఏం చేయాలి? విడి భాగాల్లో ఏవి తప్పనిసరి?

కదిరి_గాలి
ఇసుక కనపడగానే, దిగకముందే, గేరు తేలిక చేయండి. బరువు వెనక్కి, హ్యాండిల్ వదులుగా, తొక్కడం ఆపొద్దు. ముందు బ్రేకు ముట్టుకోవద్దు. తిప్పాల్సి వస్తే నడుముతో తిప్పండి.

తాడిపత్రి_టైరు
రెండు ట్యూబులు, పంపు, టైరు లివర్లు రెండు, చైను తెంచే పిన్ను ఉన్న టూలు, నీ సైకిల్‌కే సరిపోయే హ్యాంగర్ ఒకటి. పంక్చర్ అయినప్పుడు కొత్త ట్యూబు పెట్టకముందు టైరు లోపల గుడ్డతో తుడువు, ముల్లు కొన లోపలే ఉండిపోతే రెండో ట్యూబు కూడా పోతుంది. తెగిన చైనును కలిపే క్విక్ లింక్ తీసుకునేటప్పుడు 6-7-8 స్పీడ్‌దే అడుగు, నీకు వెనక ఎనిమిది గేర్లు కదా. 9 స్పీడ్ లింకు నీ చైనుకు సన్నం, పట్టదు. షాపతను పడుతుంది అంటే అక్కడే పెట్టి చూపించమను.

గుత్తి_రోడ్డు
వెనక 55 పెట్టుకో తమ్ముడూ.