“పరిశుద్ధాత్మ సహవాసము”: మీకందరికా, మనకందరికా?

గుణుపురం, సంఘ కార్యదర్శి:

అందరికీ వందనాలు. ఇళ్లలో జరిగే కూడికల కోసం ఒక కార్డు అచ్చు వేయించబోతున్నాం. ఒకవైపు తెలుగు, రెండో వైపు ఒడియా. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, చివర రెండవ కొరింథీయులకు 13:14. మొదటి రెండింటితో చిక్కు లేదు. మూడోదాని దగ్గర పని ఆగింది.

బైబిల్లో ఉన్నది: “ప్రభువైన యేసుక్రీస్తు కృపయు దేవుని ప్రేమయు పరిశుద్ధాత్మ సహవాసమును మీకందరికి తోడైయుండును గాక.”

ఇళ్లలో వినబడేది: “మన ప్రభువైన యేసుక్రీస్తు కృపయు, తండ్రియైన దేవుని ప్రేమయు, పరిశుద్ధాత్మ అన్యోన్య సహవాసము మనకందరికి సదాకాలము తోడైయుండును గాక.”

ఏది వేయాలి? ఒడియా బైబిల్లో కృపకు ‘అనుగ్రహ’ అనీ, సహవాసానికి ‘సహభాగితా’ అనీ ఉంది. ఆ మాటలూ మన మాటలూ ఒకటేనా? ఇంకో సందేహం. ఈ కాలం పిల్లలకు అర్థం కావాలని ‘సహవాసమును’ను ‘సహవాసాన్ని’ అని మార్చమంటున్నారు. మార్చవచ్చా?

పర్లాకిమిడి, తెలుగు మాస్టారు:

చివరిదానికి ముందు జవాబు చెబుతాను, కార్డు అచ్చుకు వెళ్లిపోతే దిద్దుకోలేం కాబట్టి. మార్చకండి. ఆ ‘ను’ ద్వితీయా విభక్తి (‘దేన్ని’ అని చెప్పేది) కాదు, సముచ్చయం (మాటలను జతచేసేది). కృప‘యు’, ప్రేమ‘యు’, సహవాసము‘ను’ మూడూ ఒకే పని చేస్తున్నాయి. అకారం మీద ‘యు’ వచ్చింది, ‘ము’ మీద ‘ను’ వచ్చింది, అంతే తేడా. వాడుక భాషలో చెప్పాలంటే “కృపా, ప్రేమా, సహవాసమూ”. ‘సహవాసాన్ని’ అంటే కర్మ అవుతుంది, దాన్ని అందుకునే క్రియ వాక్యంలో ఎక్కడా లేదు. వాక్యం విరిగిపోతుంది.

పిల్లలు ఇక్కడ తడబడటానికి కారణం మీ కార్డులోనే ఉంది. విశ్వాస ప్రమాణంలో “పరిశుద్ధుల సహవాసమును… నమ్ముచున్నాను” అని వస్తుంది. అక్కడి ‘ను’ నిజంగా ద్వితీయే. నమ్ముతున్నది దేన్ని అంటే సహవాసాన్ని. ఒకే రూపం, పది వరుసల తేడాలో రెండు పనులు. నేర్పేవాళ్లు రెండు చోట్లా ‘దేన్ని?’ అనే ప్రశ్న వేయించాలి. ప్రమాణంలో జవాబు దొరుకుతుంది, దీవెనలో దొరకదు.

ఇళ్లలో చెప్పే రూపంలో ఆ ‘ను’ను మింగేసి ‘సహవాసము’ అని ఆపేస్తున్నారు. అర్థం చెడదు గానీ మూడింటి జత తప్పుతుంది. ‘ఉండును’ అనే క్రియ అమహత్తులో, అంటే ఇలాంటి భావాలకూ వస్తువులకూ వాడేటప్పుడు, ఏకవచనానికీ బహువచనానికీ ఒకటే కాబట్టి, మూడింటినీ ఒక్క క్రియ మోస్తోంది. మూడూ సమానంగా నిలబడాలంటే మూడో ‘ను’ ఉండాల్సిందే.

చదివేటప్పుడు ‘కృపయు’ తర్వాత ఒకసారి, ‘ప్రేమయు’ తర్వాత ఒకసారి ఊపిరి తీసుకోవాలి. ‘పరిశుద్ధాత్మ’ దగ్గర ఆగకూడదు. ఆగితే పరిశుద్ధాత్మ వేరు, సహవాసం వేరు అన్నట్టు వినబడుతుంది. గుంపుగా చదివే చోట ఎక్కువగా తప్పేది ఇక్కడే.

జయపురం, పాస్టరు:

మాస్టారూ, ప్రమాణంలోని మాట ఎత్తారు కాబట్టి ఒకటి కలుపుతాను. ఆ మాట మీద, లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన జర్మన్ సంస్కర్త లూథరే చర్చ పెట్టాడు. 1529 నాటి పెద్ద ప్రశ్నోత్తరి అనే బోధ పుస్తకంలో, ప్రమాణంలోని మూడో భాగం వివరిస్తూ, లాటిన్‌లోని ‘కమ్యూనియో’ను జర్మన్‌లో ‘గెమైన్‌షాఫ్ట్’ అనడం సరికాదనీ, ‘గెమైనె’ అనాలనీ రాశాడు. మన మాటల్లో అయితే, అది సహవాసం అనే భావం కాదు, సంఘం అనే జనం. పరిశుద్ధ సంఘం అంటే ఏమిటో చెప్పడానికే ‘పరిశుద్ధుల సహవాసము’ అని పక్కన చేర్చారన్నది ఆయన వాదన. కాబట్టి కన్ఫర్మేషన్ క్లాసులో (సంఘంలో స్థిరపరచే ముందు పిల్లలకు చెప్పే పాఠాల్లో) “సహవాసమును నమ్ముచున్నాను” అన్న చోట ‘కలిసిమెలిసి ఉండటం మంచిదని నమ్ముతున్నాను’ అని చెప్పి వదలకూడదు. క్షమాపణ పొందినవారి గుంపు ఒకటి ఉంది, దాన్ని పరిశుద్ధాత్మ పోగుచేస్తాడు, నన్నూ అందులో చేర్చాడు. అదీ అర్థం.

ఇక మీకా, మనకా? రెండూ సరైనవే, చోట్లు వేరు. పౌలు ఉత్తరం రాస్తున్నాడు గనుక ‘మీకందరికి’. ప్రజల వైపు తిరిగి దీవెన పలికేవారు అదే అనాలి. పాస్టరు లేని ఇంట్లో అందరూ కళ్లు మూసుకుని కలిసి చెప్పేటప్పుడు అది ప్రార్థన, అక్కడ ‘మనకందరికి’ సహజం. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో కూడా ‘మనకందరికి సదాకాలము’ అన్న రూపమే ఉంది. మూల వచనంలో మాత్రం సదాకాలము లేదు.

కార్డులో శీర్షిక జాగ్రత్త. ‘ఆశీర్వాదము’ అని వేస్తే ఆదివారం ఆరాధన ముగింపులో కూడా జనం కార్డు తీసి పాస్టరుతో కలిసి చదివేస్తారు. లూథరన్ క్రమంలో ఆదివారం చివర వచ్చేది సంఖ్యాకాండము 6:24–26, అహరోను దీవెన. 1526లో లూథరు జర్మన్ ఆరాధన క్రమానికి పెట్టిన ముగింపు అదే. అక్కడ సంఘం పని వినడం, ఆమేన్ అనడం. దీవెన మనం చెప్పుకునేది కాదు, మన మీద పలకబడేది. కృప బయటినుంచి వస్తుందని శరీరానికి నేర్పే చోటు అదొక్కటే అనిపిస్తుంది నాకు. చేతులు ఖాళీగా, నోరు మూసుకుని నిలబడతాం. కొరింథీ వచనం ఉదయ, సాయంకాల ప్రార్థనల ముగింపులో వస్తుంది. అందుకే ‘కూడిక ముగింపు ప్రార్థన’ అని వేయండి.

కొరాపుట్, ఒడియా–తెలుగు అనువాదాలు చేసేవారు:

సహభాగితా, సహవాసము ఒకటి కాదు. సహభాగితాలో ‘భాగం’ ఉంది, సహవాసంలో ‘వాసం’ ఉంది. ఒకటి పంచుకోవడం, ఒకటి కలిసి ఉండటం. గ్రీకు మాట కొయినోనియా ‘కొయినోస్’ నుంచి వచ్చింది, ఉమ్మడి అని అర్థం. ఆ లెక్కన ఒడియా మాటే మూలానికి దగ్గర.

ఒక హెచ్చరిక. మీ సంఘంలో ఒడియావారు ఉంటే తెలుగు మాటను ఒడియా ఉచ్చారణలో పెట్టి వాడకండి. ఒడియాలో ‘సహబాస’ అంటే భార్యాభర్తల కాపురం, ఆ సంబంధం. “మన సంఘంలో మంచి సహబాస ఉంది” అన్న వాక్యం వాళ్లకు ఎలా వినబడుతుందో ఊహించుకోండి. రెండు భాషలూ వచ్చినవారే ఈ పొరపాటు ఎక్కువ చేస్తారు, మాట రెండు చోట్లా ఉంది కదా అని.

కృప సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. 136వ కీర్తనలో 26 వచనాల్లోనూ మనకు “ఆయన కృప నిరంతరముండును” అని వస్తుంది. ఒడియాలో అక్కడ ‘దయా’. అది హెబ్రీలోని ‘హెసెద్’, నిబంధనకు కట్టుబడి విడువని ప్రేమ. కొరింథీ వచనంలోని కృప గ్రీకులోని ‘ఖారిస్’, అర్హత చూడకుండా ఇచ్చేది. తెలుగు రెండింటికీ కృపే వాడింది, ఒడియా విడదీసింది. కార్డు వెనక పదాల పట్టిక వేసే ఆలోచన ఉంటే ‘కృప = అనుగ్రహ’ అని ఒక్క వరుసతో సరిపెట్టకండి. కీర్తన చదివే రోజున ఆ పట్టిక తప్పుతుంది.

తెలుగు బైబిల్లో అనుగ్రహం లేకపోలేదు. ఎక్కువగా క్రియగా వస్తుంది. యోహాను 3:16 చివర “ఆయనను అనుగ్రహించెను”.

రాయగడ, స్త్రీల సమాజం తరఫున:

అయ్యా, సహవాసంలో పంచుకోవడం లేదన్నట్టు చెబుతున్నారు. మాకున్న చిక్కు కూడా అదే. వాడుకలో ‘ఫెలోషిప్’ అంటే ఆరాధన అయ్యాక భోజనం అనుకుంటున్నారు. దానికి ‘ప్రేమవిందు’ అనే మంచి మాట ఉండనే ఉంది. ‘సావాసం’ అంటే ఊళ్లో అర్థం స్నేహం, అదీ చాలాసార్లు చెడ్డ స్నేహం. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారు అన్నట్టు. మరి సంఘం కోసం రోజూ వంటకు ముందు పిడికెడు బియ్యం తీయడం దేనిలోకి వస్తుంది? కానుకా? ధర్మమా? సహవాసమా? కొత్తగా వచ్చే కోడళ్లకు ఏమని చెప్పాలి?

కొరాపుట్, ఒడియా–తెలుగు అనువాదాలు చేసేవారు:

అమ్మా, మీరు అడిగింది అసలైన ప్రశ్న. నేను ఒక్క వచనం పట్టుకుని మాట్లాడాను, అది నా లోపం. తెలుగు బైబిలు కొయినోనియాను ఒక్క మాటతో కట్టేయలేదు, చోటును బట్టి విప్పింది. అపొస్తలుల కార్యములు 2:42లో ‘సహవాసమందును’. మొదటి కొరింథీయులకు 10:16లో, పాత్ర గురించీ రొట్టె గురించీ, ‘పాలుపుచ్చుకొనుట’. ఫిలిప్పీయులకు 1:5లో “సువార్త విషయములో మీరు నాతో పాలివారై”. రోమీయులకు 15:26లో, యెరూషలేములోని బీదల కోసం, ‘చందా’. హెబ్రీయులకు 13:16లో “ఉపకారమును ధర్మమును చేయ మరచిపోకుడి”, అక్కడి ధర్మమూ అదే మాట.

అంటే మీరు చెప్పిన కానుక, ధర్మం, సహవాసం మూడూ గ్రీకులో ఒకే మాట కిందికి వస్తాయి. ప్రభువు బల్ల దగ్గర మోకరించి పుచ్చుకునేదీ, బియ్యం డబ్బాలో వేసేదీ ఒకే పేరున్న పనులు.

‘పాలివారు’ అన్నది మన ఉత్తరాంధ్ర వైపు ఇంకా బతికున్న మాట కదా. తాతల పొలంలో వాటా ఉన్నవాళ్లు. స్నేహితుణ్ణి మనం ఎంచుకుంటాం, పాలివాణ్ణి ఎంచుకోం, వాటాతో పాటే వస్తాడు. గట్టు దగ్గర తగవు పడినా వాటా పోదు. సంఘం గురించి చెప్పడానికి ‘సావాసం’ కంటే ఇది ఎంతో బలమైన పోలిక. వచనంలో సహవాసమే ఉంచండి, వివరించేటప్పుడు ‘పాలు’, అంటే వాటా, అనే మాటతో విప్పండి.

రాయగడ, స్త్రీల సమాజం తరఫున:

ఇది చెప్పుకోవడానికి బాగుంది. బియ్యం లెక్క కూడా ఇక్కడ పెడతాను, అడిగేవాళ్లు ఉంటారు. ఎసట్లో పోసే ముందే, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీయాలి. వండాక మిగిలింది ఇవ్వడం వేరు, అది పాలు కాదు. పిడికెడు సుమారు 40 గ్రాములు అనుకుంటే, రెండు పూటలకు వారానికి ఇంటికి 560 గ్రాములు. 20 ఇళ్లుంటే 11 కిలోల పైమాటే. చెడిపోయేది ఎక్కడంటే, సన్నబియ్యం, ముతకబియ్యం, ఉప్పుడుబియ్యం ఒకే సంచిలో కలిపేస్తారు. అవి ఒకేలా ఉడకవు, తీసుకున్నవారికి అన్నం సగం మెత్తన, సగం పలుకు. కనీసం ఉప్పుడుబియ్యం వేరే సంచిలో పోయించాలి. వానాకాలంలో రెండు వారాలకు మించి ఉంచకూడదు, ముక్క వాసన వస్తుంది, పురుగు పడుతుంది. పేర్లు రాసి ఎవరు ఎంత పోశారో చదవడం మొదలైతే ఇవ్వలేని ఇల్లు కూడికకే రావడం మానేస్తుంది. సంచి మొత్తం బరువు మాత్రమే రాయాలి.

జయపురం, పాస్టరు:

అమ్మగారు చివర చెప్పింది కృపకు సంబంధించిన సంగతి. పేర్లు చదివితే ‘పాలు’ కాస్తా ‘బాకీ’ అవుతుంది. రెండవ కొరింథీయులకు 8వ అధ్యాయంలో పౌలు మాసిదోనియవారి చందా గురించి మొదలుపెడుతూనే “దేవుని కృపను గూర్చి” అంటాడు. వాళ్లు ఇచ్చారు అనడు, వాళ్లకు కృప అనుగ్రహింపబడింది అంటాడు.

పిల్లల దగ్గర ఈ మాటకు వేరే గండం ఉంది. ‘గ్రేస్ మార్కులు’. పాసవడానికి 35 కావాలి, 32 వచ్చాయి, 3 కలిపారు. ఆ లెక్క మనసులో ఉంటే, 32 వరకు మన పని, మిగతా 3 దేవుడి కృప అని అర్థం చేసుకుంటారు. దీన్ని విప్పకుండా ఎఫెసీయులకు 2:8 బట్టీ పట్టిస్తే లాభం లేదు. “కృపచేతనే రక్షింపబడియున్నారు… దేవుని వరమే”, ఈ రెండు ‘ఏ’ల మీద వేలు పెట్టించాలి. రోమీయులకు 3:28లో ‘విశ్వాసముచేత మాత్రమే’ అని జర్మన్‌లో రాసినందుకు లూథరును తప్పుబట్టారు. మూలంలో లేని మాట చేర్చావన్నారు. జర్మన్ నుడికారానికి అది కావాలని ఆయన 1530లో జవాబు రాశాడు. తెలుగు బైబిల్లో ఆ చోట ‘విశ్వాసమువలననే’ అని ఉంది. ఆయన ఒక మాటతో చేసిన పని మన భాష ఒక్క అచ్చుతో చేసింది. ఎత్తి రాసేటప్పుడు ‘కృపచేత’ అని రాసి ‘నే’ వదిలేస్తుంటారు. ఆ కాపీలు దిద్దాలి.

గుణుపురం, సంఘ కార్యదర్శి:

చాలా వందనాలు. ‘అన్యోన్య’ ఒక్కటి మిగిలింది. తీసేయాలా? పెద్దవాళ్లు నొచ్చుకుంటారేమో.

పర్లాకిమిడి, తెలుగు మాస్టారు:

అది మొదటి యోహాను 1:7 నుంచి వచ్చి చేరింది, “అన్యోన్యసహవాసము గలవారమై యుందుము”. అక్కడ అది విశ్వాసుల మధ్య సంగతి. కొరింథీ వచనంలో ‘పరిశుద్ధాత్మ సహవాసము’ షష్ఠీ సమాసం, పరిశుద్ధాత్మ యొక్క సహవాసము అని. ఆత్మతో మనకున్న సహవాసం అనీ, ఆత్మ మన మధ్య కలిగించే సహవాసం అనీ రెండు రకాలా విప్పవచ్చు. గ్రీకులోనూ అంతే. ‘అన్యోన్య’ పెట్టగానే రెండో అర్థం వైపు ఒరుగుతుంది, మొదటిది మసకబారుతుంది. తప్పు కాదు, కానీ ఒక తలుపు మూసినట్టు.

జయపురం, పాస్టరు:

ఆ రెండో అర్థాన్నీ తక్కువ చేయకండి. 1537 నాటి స్మాల్కాల్డు అధికరణాలు అనే తన విశ్వాస పత్రంలో, సువార్త మనకు సహాయం చేసే దారులు చెబుతూ లూథరు వాక్యం, బాప్తిస్మం, బల్ల సంస్కారం, తాళపుచెవుల అధికారం (పాపక్షమాపణ ప్రకటించే అధికారం), వీటి తర్వాత సహోదరులు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఓదార్చుకోవడాన్ని చేర్చాడు. మత్తయి 18:20 అక్కడే ఎత్తి చూపాడు. దేవుడు తన కృపలో ఐశ్వర్యవంతుడు గనుక ఒక్క దారితో ఊరుకోలేదన్నది ఆయన మాట. మంచాన పడ్డవారి పక్కన కూర్చుని “నీ పాపములు క్షమింపబడియున్నవి” అని పొరుగింటి సహోదరి చెప్పే మాట ఆ వరుసలోదే. అందుకని అచ్చులో బైబిలు రూపం వేయండి. పెద్దలు అన్యోన్య అని పలికితే పలకనివ్వండి, మధ్యలో ఆపి దిద్దకండి.

గుణుపురం, సంఘ కార్యదర్శి:

అయితే ఇలా వేస్తున్నాం. శీర్షిక ‘కూడిక ముగింపు ప్రార్థన’. కింద బైబిలు రూపం ఉన్నదున్నట్టు. దాని కింద చిన్న అక్షరాల్లో: ‘అందరూ కలిసి చెప్పునప్పుడు: మనకందరికి’. పదాల పట్టిక వేయడం లేదు.

పర్లాకిమిడి, తెలుగు మాస్టారు:

బాగుంది. నాలుగు వరుసలుగా విరవండి: ‘కృపయు’ దగ్గర, ‘ప్రేమయు’ దగ్గర, ‘సహవాసమును’ దగ్గర. ‘పరిశుద్ధాత్మ’ వరుస చివర పడకుండా ప్రూఫు వచ్చాక ఒకసారి చూడండి. కార్డు వెడల్పు చాలకపోతే అక్షరం ఒక పాయింటు తగ్గించండి గానీ ఆ రెండు మాటలనూ విడదీయనివ్వకండి.