బడి భవనం టూరిజానికి ఇస్తారట, పేరెంట్స్ కమిటీ ఆపగలదా?

అందరికీ నమస్కారం. మా ఊరి జలపాతానికి ఈమధ్య పర్యాటకులు బాగా వస్తున్నారు. అందుకని ప్రాథమిక పాఠశాలను పక్క ఊరి బడిలో విలీనం చేసి, ఈ భవనాన్ని టూరిస్టుల వసతిగా మారుస్తారని వింటున్నాం. రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు. కానీ మొన్న ఇద్దరు టేపు పట్టుకొచ్చి, లోపల పిల్లలు ఎక్కాలు చెబుతుండగానే వరండా కొలిచి వెళ్లారు!

టూరిజం వద్దని నేననడం లేదు, నాలుగు కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి. రోడ్డు పక్కన పంచాయతీ ఖాళీ స్థలం ఉండగా బడే ఎందుకు కావాల్సి వచ్చిందో అర్థం కాదు.

2009 విద్యాహక్కు చట్టం కింద కేంద్రం చేసిన నిబంధనల్లో ఐదో తరగతి లోపు పిల్లలకు 1 కిలోమీటరు దూరంలో బడి ఉండాలని ఉంది. పక్క ఊరు అంతకంటే దూరం, మధ్యలో వాగు. వానాకాలం ఆరేళ్ల పిల్లని ఎలా పంపాలన్నదే నా టెన్షన్.

అదే చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో 75 శాతం మంది తల్లిదండ్రులే ఉండాలి. ఆ కమిటీ వద్దని తీర్మానం చేస్తే అధికారులు దాన్ని లెక్కలోకి తీసుకుంటారా, లేక గ్రామసభ తీర్మానం కూడా కావాలా? సమాచార హక్కు కింద అడిగితే జవాబుకు 30 రోజులు గడువు, ఈలోపు ఉత్తర్వు వచ్చేస్తే? ముందే కలెక్టర్‌కి అర్జీ పెట్టడం మంచిదా? ఇలాంటి విలీనాన్ని ఆపించుకున్నవాళ్లుంటే, మొదట ఏ కాగితం పెట్టారో చెప్పండి.