వెబినార్లో విన్నది తరగతి గది దాకా రావట్లేదు. మీరెలా చేస్తున్నారు?

తండయార్‌పేట టీచరు

అందరికీ నమస్కారం. ఉత్తర చెన్నైలో ఒక ఎయిడెడ్ స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు సైన్సు చెప్తాను, తెలుగు మీడియం. టీచర్లు ఏటా 50 గంటలైనా కొత్తది నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానంలో రాశారు కదా. మా రాష్ట్రం ఆ విధానాన్ని ఒప్పుకోకపోయినా, ఆ గాలి మాత్రం మా స్టాఫ్ రూమ్‌లోకీ వచ్చింది. కరోనా నాటి నుంచి నా దగ్గర 31 వెబినార్ సర్టిఫికెట్లు పోగయ్యాయి. సగం వెబినార్లు కెమెరా ఆపేసి, పప్పు తాలింపు పెడుతూ విన్నవే. ఫీడ్‌బ్యాక్ ఫామ్ లింకు ఇచ్చే వేళకి మాత్రం ఠంచనుగా ఫోన్ దగ్గరుండేదాన్ని.

వాటిల్లో పిల్లల దాకా వెళ్ళింది ఒక్కటే. ఫోన్ బల్ల మీద వెల్లకిలా పెట్టి, సెల్ఫీ కెమెరా మీద చిన్న నీటిచుక్క వేస్తే అదే భూతద్దం. రెండు అట్టముక్కల మీద గాజు స్లయిడు ఆనించి ఉల్లిపొర చూపించాను. మసకగానే గానీ, గళ్ళు గళ్ళుగా కనిపించాయి. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఆ ఊపుతో మొన్న శుక్రవారం ఏకంగా తరగతిలోనే లైవ్ వెబినార్ పెట్టించాను. 54 మంది పిల్లలు, నా ఫోన్ హాట్‌స్పాట్, ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా స్లయిడ్లు చదివే వక్త. వెనక బెంచీల వాళ్ళు చుక్కలాట మొదలుపెట్టారు. తీరా ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి, అవతలి వాళ్ళది ఉచిత ఖాతా కాబోలు, 40 నిమిషాలకి మీటింగు తెగిపోయింది. మా హెచ్చెమ్ గుమ్మంలో నిలబడి అంతా చూశారు. సిగ్గుతో చచ్చాను.

విన్నది మర్నాడు తరగతిలో చేయాలంటే మీరేం చేస్తారు? లైవ్ పెట్టి నెగ్గినవాళ్ళున్నారా?

మారతహళ్ళి లెక్కల మాస్టారు

మేడమ్, బెంగళూరులో మాది సీబీఎస్‌ఈ స్కూలు. మాకూ 50 గంటలే. అందులో 25 బోర్డు శిక్షణలు, 25 బడిలో చేసుకునేవి. ఒంటరిగా విన్న వెబినార్ ఒక్కటీ నాకు ఒంటబట్టలేదు. ఇప్పుడు నేనూ మా ఇంకో లెక్కల టీచరూ ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాం. మ్యూట్‌లో పెట్టి పోట్లాడుకుంటాం. మర్నాడు ఒకరు దాన్ని తరగతిలో చేస్తే రెండోవారు వెనక బెంచీలో కూర్చుని చూస్తారు.

ఒకసారి (a+b)² కాగితం కత్తిరించి చూపించే వెబినార్ విన్నాం. వాళ్ళు ముందే కత్తిరించిన ముక్కలు చూపించారు. మా తరగతిలో ఒక పాప పై అంచున a ని ఎడమ నుంచి కొలిచింది, పక్క అంచున కింద నుంచి కొలిచింది. a², b² చదరాలు వేరే మూలల్లోకి పోయాయి. తప్పు చేశానని పాప ఏడుపు మొహం పెట్టింది. ముక్కలు ఏరి చూస్తే అవే నాలుగు! ఆ పీరియడ్ మొత్తం దాని మీదే నడిచింది. వెబినార్‌లో ఈ సంగతే లేదు.

రిటైరైన హెచ్చెమ్మమ్మ

అమ్మాయ్, సిగ్గెందుకు? మీ హెచ్చెమ్ కూడా ఏదో ఒకనాడు ప్రొజెక్టర్ ముందు చెమటలు కక్కే ఉంటారు.

నేను పనిలో ఉన్నప్పుడు లైవ్ మూడుసార్లు పెట్టించాను, మూడోదే కుదిరింది. దానికి ముందు రెండు రోజులు పిల్లల చేత ప్రశ్నలు రాయించి, అందులో ఐదు ఏరి వక్తకి పంపాను. స్లయిడ్లు వద్దు, మీ చేతులూ బల్లా కనిపిస్తే చాలు, పదిహేను నిమిషాలే అని చెప్పాను. ఆయన ఒక మాట చెప్పి ఆగితే నేను తెలుగులో చెప్పేదాన్ని. తన ప్రశ్న వచ్చేదాకా ఏ పిల్లాడూ కదల్లేదు. ఇంకోటి, బొమ్మ మసకైనా సర్దుకుంటారు గానీ మాట వినబడకపోతే పిల్లలు చేజారిపోతారు. ప్రార్థనకి వాడే స్పీకర్ తెచ్చి తగిలించు. నెట్ మీద నమ్మకం లేకపోతే రికార్డింగ్ దించుకుని, కావలసిన నాలుగు నిమిషాలే ఆపి ఆపి చూపించు.

పెరంబూర్ సోషల్ సారు

అన్నీ బాగున్నాయి గానీ, ఫైల్లో పెట్టడానికి హెచ్చెమ్ గారు సర్టిఫికెట్టే అడుగుతారు. వెనక బెంచీలో కూర్చుని చూశానంటే దానికి ఎవరిస్తారండీ సర్టిఫికెట్?

తండయార్‌పేట టీచరు

సార్, అది నిజమే. ఫైలు కోసం కెమెరా ఆపేసి వినడం ఇకముందూ తప్పదు నాకు :)

అమ్మా, మీరన్నట్టే ఇవాళ ప్రశ్నలు రాయించాను. ఎక్కువమంది “భూతద్దం ఎంత పెద్దగా చూపిస్తుంది?” అనే రాశారు. ఒకడు మాత్రం, రోజూ చుక్కలాట ఆడేవాడే, ఇలా రాశాడు: “ఉల్లిపొరలో కణాలు గోడకట్టినట్టు ఉన్నాయి. పుస్తకంలో చెంప కణాల బొమ్మ అలా లేదేం?” కణకవచం (మొక్క కణం చుట్టూ ఉండే గట్టి గోడ) పాఠం మేమింకా మొదలుపెట్టలేదు. నేను చెప్పేయకుండా దాన్నే మొదటి ప్రశ్నగా వక్తకి పంపాను. మంగళవారం మూడో పీరియడ్. స్పీకర్ అడిగి పెట్టుకున్నాను.