నెల్లూరు నుంచి పూణెకి ఇల్లు మారాలి: 80 వేల్లో అవుతుందా, సామాన్లు అమ్మేసి ఆడ కొనుక్కోవడం మేలా?

వేదాయపాళెం_వాసి
నాకు పూణెకి ట్రాన్స్‌ఫర్ అయింది. జూన్‌లో పిల్లోళ్ళ బళ్ళు తెరిచే లోపల చేరాలి. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, టీవీ, సోఫా, రెండు డబుల్ కాట్లు, అమ్మ టేకు మంచం, ఇనప బీరువా, గ్రైండరు, రుబ్బురోలు, ఇత్తడి సామాను, వంట సామాన్లు, ఒక స్కూటరు. కంపెనీ 50 వేలు ఇస్తుంది, చేతిలోంచి ఇంకో 30 పెట్టగలను. అంతకు మించి నా వల్ల కాదు.
ప్యాకర్స్ వాళ్ళు ఇంటికొచ్చి చూసి 58,000 అన్నారు. దాని మీద 18 శాతం జీఎస్టీ 10,440. సామాన్ల విలువ 3 లక్షలని రాసుకుని 3 శాతం ఇన్సూరెన్స్ అని ఇంకో 9,000. మొత్తం 77,440. ఇంత పోసి పాత సామాన్లు మోసుకుపోవడం దండగ, అమ్మేసి పొమ్మని ఆఫీసులో అందరూ అంటున్నారు. ఇట్టా మారినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాతలెక్కలు
అమ్మేయి నాయనా. బ్యాంకు ఉద్యోగంలో ఊళ్ళు తిరిగి రిటైరైన మనిషిగా చెప్తున్నా. ఒక నోటుపుస్తకం తీసుకుని ప్రతి వస్తువు పక్కన రెండు అంకెలు వెయ్యి. ఈరోజు అమ్మితే ఎంత వస్తుంది, ఆడ అట్టాంటిదే కొంటే ఎంత అవుతుంది. ఆ తేడా కన్నా మోత ఖర్చు ఎక్కువైతే దాన్ని లారీ ఎక్కించొద్దు.
ఇంటి సామాను లారీలో తినేది చోటు. సోఫాకి బరువేమీ ఉండదు, సగం బండి ఆక్రమిస్తుంది. దాని మోత ఖర్చుతో ఆడ సెకండ్‌హ్యాండ్ సోఫా వస్తుంది. డబుల్ కాట్లు ప్లైవుడ్‌వైతే రెండోసారి విప్పి బిగించాక మర ఊడుతుంది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఐదేళ్ళ లోపువైతే తీసుకుపో. బీరువా, రోలు, పాత మంచం అసలు లెక్కలోకే రాకూడదు.
ఇంకొకటి. నువ్వు 80 వేలు అనుకుంటున్నది లారీకే అయిపోతుంది. ఆడ ఇంటి డిపాజిట్, బ్రోకరు కమీషను, అగ్రిమెంటు రిజిస్ట్రేషను, మొదటి నెల అద్దె ఎవరిస్తారు? మహారాష్ట్రలో అద్దె అగ్రిమెంటు రిజిస్టర్ చేయించడం తప్పనిసరి, దానికి స్టాంపు ఖర్చు వేరే.

పూణె_తెలుగోడు
ఇక్కడ అపార్ట్‌మెంట్ సొసైటీల్లో సామాన్లు దించడానికి టైములు పెడతారు, కొన్నిచోట్ల ఆదివారం ఒప్పుకోరు. లిఫ్ట్ వాడుకున్నందుకు డబ్బు కూడా తీసుకుంటారు. ఇల్లు ఖాయం చేసుకునేటప్పుడే అడగండి.

ఆటోనగర్_లోడ్
అన్నా, లారీ సంగతి నేను చెప్తా, నాది అదే పని. ఇక్కణ్ణించి హైదరాబాదు మీద పోతే షోలాపూర్ రోడ్డున పూణె సుమారు వెయ్యి కిలోమీటర్లు. మీ లిస్టుకి 17 అడుగుల బండి కావాలి. సోఫా, ఒక కాటు తగ్గిస్తే 14 అడుగులు చాలు. పూణె నుంచి చెన్నై, శ్రీసిటీ వైపు బండ్ల విడిభాగాలు దించిన లారీలు తిరుగు లోడు కోసం చూస్తుంటాయి. అట్టాంటిది దొరికితే రేటు దిగుతుంది. అయితే అది మీరు అనుకున్న రోజున దొరకదు, రెండు మూడు రోజులు అటూ ఇటూ అవుతుంది.
పార్ట్ లోడు, అంటే వేరేవాళ్ళ సామాన్లతో కలిపి ఒకే బండిలో పంపడం మాత్రం వద్దు. హైదరాబాదు గోడౌన్‌లో దించి ఇంకో బండికి మారుస్తారు, పగిలేది ఆడే.
ఇంట్లో వాడిన సామాన్లకి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసుకునే జీఎస్టీ కాగితం) అక్కర్లేదు, జీఎస్టీ రూల్స్‌లోనే మినహాయింపు ఉంది. అయినా సామాన్ల లిస్టు, ఆధార్ కాపీ, ట్రాన్స్‌ఫర్ లెటరు డ్రైవర్ చేతికి ఇవ్వండి. కొత్తగా కొని పెట్టె విప్పని టీవీ లాంటిది ఉంటే దాని బిల్లు కూడా ఉండాలి.
ఆ 9,000కి ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీ కాగితం అడగండి. కాగితం చూపించకుండా బిల్లులో పేరు మాత్రం రాసేవాళ్ళు ఉంటారు.

కావలి_కోడలు
రోలు, బీరువా, మంచం లెక్కలోకి రాకూడదని ఎట్టా అంటారు సార్? సోఫా సగం బండి తింటుందని మీరే చెప్పారు. మరి తీసేయాల్సింది సోఫానే కదా. బీరువా నిలబెడితే ఎంత చోటు పడుతుంది? దాని అరల్లో బట్టలు సర్దొచ్చు కూడా.

పాతలెక్కలు
బట్టలతో నింపిన బీరువాని నలుగురు మోయలేరు. ఖాళీ చేసి, అరలు విప్పి, అద్దం వేరే దుప్పట్లో చుట్టి ఎక్కించాలి. ఇంత చేసినా కాళ్ళు వంగుతాయి, ఆ తరవాత తలుపు పట్టదు. పాత ఇనుము రేటుకి ఇచ్చేయదగ్గ దానికోసం ఈ పాట్లు ఎందుకు?

కావలి_కోడలు
మా పెళ్ళప్పటి బీరువా మూడు ఊళ్ళు మారింది. తలుపు ఇప్పటికీ పడుతుంది.

పాతలెక్కలు
మీది పట్టింది సరే. ఈ అబ్బాయికి 80 వేలే ఉన్నాయి. ఆ బీరువాకి ఆడ కొత్తది ఎంతో, మోతకి ఎంతో అంకెలు వేసి చూపించండి, ఒప్పుకుంటా. మనసుకి నచ్చింది చెప్పడం తేలిక, అప్పు తీర్చేది అతను.

ఒంగోలు_బిడ్డ
బీరువా గొడవ కాసేపు ఆపండి. డేట్ ఖాయం చేసుకున్నారా? మే చివర, జూన్ మొదట్లో అందరూ మారతారు, రేట్లు మండుతాయి. ఆషాఢంలో ఇల్లు మారేవాళ్ళు తక్కువ, అప్పుడు మా వాళ్ళకి రేటు తగ్గింది.

వేదాయపాళెం_వాసి
ఆషాఢం అంటే అమ్మ ఒప్పుకోదు. బళ్ళు కూడా తెరిచేస్తారు.
స్కూటరు రైల్లో వేద్దామనుకుంటున్నా. గ్యాస్ సంగతి ఎవరికన్నా తెలుసా?

ఆటోనగర్_లోడ్
స్కూటరుకి పార్శిల్ ఆఫీసులో ఆర్సీ కాపీ అడుగుతారు, పెట్రోలు మొత్తం తీసేయాలి. ఎట్టాగూ లారీ మాట్లాడుతున్నారు కాబట్టి అందులోనే వేసేయండి. ఆర్టీఏ ఆఫీసు నుంచి ఎన్ఓసీ, అంటే బండి వేరే రాష్ట్రానికి తీసుకుపోవడానికి అభ్యంతరం లేదనే కాగితం, మర్చిపోవద్దు. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి తిప్పితే ఆడి నంబరు తీసుకోవాలి, ట్యాక్సు కట్టాలి. పాత స్కూటరైతే అది మాత్రం అమ్మేయడమే మంచిది.
గ్యాస్ సిలిండరు లారీలో పెట్టుకోం. సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీలో ఇచ్చి వోచరు తీసుకోండి. డిపాజిట్ వెనక్కిస్తారు, ఆడ ఆ వోచరు చూపించి మళ్ళీ కట్టాలి.

కావలి_కోడలు
తమ్ముడూ, ఒక మాట అడుగుతా. ఆ మంచం, బీరువా, రోలు మీ అమ్మగారివి. ఏది అమ్మాలి, ఏది తీసుకుపోవాలి అని ఆమెను అడిగారా? ఇందాకటి నుంచి అందరం ఆమె సామాను గురించే కొట్టుకుంటున్నాం. ఆమె ఏమన్నదో ఎవరికీ తెలియదు.

వేదాయపాళెం_వాసి
మంచం పొదలకూరులో పిన్నికి ఇచ్చేద్దామని చెప్పాను అక్కా. ఏమీ అనలేదు.

కావలి_కోడలు
చెప్పడం వేరు, అడగడం వేరు.

పాతలెక్కలు
అమ్మా, ఇల్లు మారేటప్పుడు ఒక్కొక్కరిని అడుగుతూ కూర్చుంటే లారీ కదలదు. డబ్బు ఎవరు పెడుతున్నారో వాళ్ళే తేల్చాలి. పెద్దవాళ్ళు ఏదీ వదలరు. పాత డబ్బాలు, చిల్లుపడిన గంగాళం కూడా కావాలంటారు.

కావలి_కోడలు
డబ్బు పెట్టేవాళ్ళే తేల్చాలా? అదే మాట మా ఇంట్లోనూ విన్నాను. మా ఆయనకి నాగపూర్ వేసినప్పుడు ఇదే లెక్క వేశారు, చోటు లేదు, దండగ అని. మా అమ్మ నాకిచ్చిన ఇత్తడి గుండిగ, బిందెలు, సారె పెట్టె ఆడబిడ్డ ఇంట్లో పెట్టారు, తిరిగొచ్చాక తీసుకుందామన్నారు. తిరిగొచ్చేసరికి ఒక్కటీ లేదు. పాత సామాన్లోడికి వేసి కొత్త స్టీలు తెచ్చుకున్నారట. అడిగితే, నీకు స్టీలు కొనిపెడతాంలే అన్నారు. నాకు ఉద్యోగం లేదు, చేతిలో జీతం లేదు, కాబట్టి నా వస్తువు మీద కూడా నా మాట చెల్లలేదు. మా అమ్మ పోయింది. ఆ గుండిగ మీద ఆమె పేరు కొట్టించి ఉండేది. ఇప్పుడు మీ నోటుపుస్తకంలో దాని పక్కన ఏ అంకె వేస్తారో చెప్పండి సార్.

ఒంగోలు_బిడ్డ
అక్కా, మా ఇంట్లోనూ ఇదే జరిగింది.

పాతలెక్కలు
మీకు జరిగింది అన్యాయం. దాన్ని నేను సమర్థించను. అయితే నా వైపు కూడా వినండి.
మా నాయన్ని ఊరి నుంచి గూడూరు తెచ్చినప్పుడు ఆయన ఏది కావాలంటే అది తెచ్చాను. ధాన్యం గాదె చెక్కలతో సహా. నా రెండు గదుల ఇంట్లో పట్టక పక్క పోర్షను కూడా అద్దెకి తీసుకున్నాను. ఇద్దరు తమ్ముళ్ళు, ఇద్దరూ నాకన్నా ఎక్కువ సంపాదించేవాళ్ళు. లారీ ఖర్చులో ఒక్క రూపాయి ఇవ్వలేదు, పోర్షను అద్దెలో ఇవ్వలేదు. నాయన పోయాక మాత్రం ఇద్దరూ వచ్చి, టేకు చెక్కలు ఏవీ, కంచు గిన్నెలు ఏవీ అని నన్ను నిలదీశారు. పిల్లల ఫీజులు ఆపి కట్టిన అద్దె అది. అమ్మానాన్నల సామాను అందరిదీ అయినప్పుడు దాని మోత కూలి ఒక్కడిది ఎట్టా అవుతుంది? అందుకే చెప్తున్నా, పెట్టేవాడే తేల్చుకోవాలని.

కావలి_కోడలు
ఇది మీరు మొదటే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీరు అడగాల్సింది మీ తమ్ముళ్ళని. మీ నాయన సామాను మీద ఆయన చెప్పిన మాటలో తప్పేముంది? ఖర్చు పంచుకోలేదని మనిషి మాట కొట్టేయకూడదు.

పాతలెక్కలు
మాట కొట్టేయమనలేదు. మాటకి ఖర్చు ఉంటుంది, అది ఎవరి మీద పడుతుందో ముందే తేల్చమంటున్నా. ఇందులో నేను మారను.

పూణె_తెలుగోడు
ఇద్దరూ చెప్పేది చేయొచ్చు. అమ్మగారిని అడిగి, ఆమె కోరినవాటికి ఎంతవుతుందో విడిగా రాసి, అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో ఉంటే వాళ్ళ ముందు పెట్టండి.

వేదాయపాళెం_వాసి
రాత్రి అమ్మని కూర్చోబెట్టి అడిగాను. నేననుకున్నది ఒకటి, ఆమె చెప్పింది ఇంకొకటి. మంచం పిన్నికే ఇచ్చేయమంది, దానిమీద తనకేమీ లేదంది. రోలు అక్కకి ఇవ్వమంది. ఇత్తడిలో ఒక్క బిందె చాలంది. బీరువా మాత్రం కావాలంది. "పూణెలో ఇల్లు మీది, నాదని తాళం వేసుకునేది ఒకటన్నా ఉండాలి గదా" అంది. నా భార్య అక్కడే ఉంది, బీరువా మన బెడ్‌రూమ్‌లో కాకుండా అత్తయ్య గదిలో పెడదామని ఆమే అంది.
సోఫా, ఒక డబుల్ కాటు, స్కూటరు అమ్మేస్తున్నాం. అక్క ఒంగోలు నుంచి ఫోన్ చేసి, రోలు కోసం తనే బండి మాట్లాడుకుంటానంది, అమ్మ బీరువా మోత కూలి కూడా ఇస్తానంది.

పాతలెక్కలు
మీ అక్క మంచి మనిషి. ఇంతకీ నెల్లూరు ఇల్లు ఏం చేస్తున్నావు? అద్దెకిస్తావా? ఇస్తే ఆ అడ్వాన్సు పూణె డిపాజిట్‌కి పనికొస్తుంది. అది కూడా లెక్కలో పెట్టు.

వేదాయపాళెం_వాసి
అద్దెకే సార్. కాకపోతే వెనక గదికి తాళం వేసి ఉంచమంది అమ్మ, సంక్రాంతికి వస్తే దిగడానికి. అందుకు నెలకి అద్దె వెయ్యి, పదిహేను వందలు తగ్గుతుంది.

పాతలెక్కలు
ఏడాదికి 12 వేల నుంచి 18 వేలు. ఒక్క పండక్కి అది చాలా ఎక్కువ నాయనా. హోటల్లో దిగినా ఇంతకాదు.

కావలి_కోడలు
సొంత ఊళ్ళో హోటల్లో దిగమంటారా ఆమెని?

ఆటోనగర్_లోడ్
అన్నా, సోఫా, కాటు, మంచం, రోలు, స్కూటరు పోతే 14 అడుగుల బండి చాలు. ప్యాకింగ్ మీరే చేసుకుని, ఎక్కించడానికి ఇక్కడ నలుగురిని, దించడానికి ఆడ నలుగురిని విడిగా మాట్లాడుకుంటే ఆ 77 వేల కన్నా బాగా తగ్గుతుంది. బీరువా మొదట ఎక్కించాలి, క్యాబిన్ వైపు గోడకి ఆనించి తాడు కట్టాలి. అరలు, అద్దం ముందురోజే విప్పి పెట్టండి. ఎక్కించేటప్పుడే ప్రతి వస్తువుకీ ఫోటో తీసి, బిల్టీ (లారీ వాళ్ళిచ్చే రసీదు) మీద వివరాలు రాయించండి. ఏదన్నా పోతే ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళకి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, 2007 రోడ్డు రవాణా (క్యారేజ్ బై రోడ్) చట్టంలో అట్టాగే ఉంది. మంగళవారం వద్దంటే బుధవారం పొద్దున ఏడింటికి బండి పెట్టిస్తా, డేట్ చెప్పండి.

వేదాయపాళెం_వాసి
బుధవారమే పెట్టన్నా. పూణె ఇంటి ఓనరుతో లిఫ్ట్ టైము కనుక్కుని రేపు చెప్తా.